కారు కఫీలుది, కేసు డ్రైవరుది

జగిత్యాల: గల్ఫ్ దేశాలకు మనిషిని పంపని ఊరు ఈ జిల్లాలో వెతికినా దొరకదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, మల్లాపూర్, ధర్మపురి ఏ దిక్కుకు పోయినా బస్సు దిగిన చోట మొదట చెవిన పడే మాట వీసా. అందులోనూ డ్రైవరు వీసా అంటే యువకులకు మోజు. ఎండలో ఇటుకలు మోయనక్కరలేదు, ఏసీ కారు, షేకు ఇంట్లో అన్నం, జీతమంతా మిగులు అని ఏజెంటు చెబుతాడు. ట్రాక్టరు నడిపినవాడు, ఆటో నడిపినవాడు, జీపు మీద క్లీనరుగా తిరుగుతూ స్టీరింగు పట్టడం నేర్చినవాడు, అందరూ డ్రైవర్లమే అనుకుంటారు. కాని పరాయి దేశంలో, అక్కడి మనిషి పేరిట రిజిస్టరైన కారును ఒక విదేశీయుడు నడపాలంటే ఎన్ని కాగితాలు సరిగా ఉండాలో, వాటిలో ఒక్కటి తప్పినా ఆ భారం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పేవారు మాత్రం కరువయ్యారు.

"నీ కొడుక్కు ఇండియా లైసెన్సు ఉన్నది గద అత్తమ్మా, ఇంకేం గావాలె? ఆడ దిగంగనే కారు తాళంచెవి చేతుల పెడ్తరు" అని ఏజెంటు అంటాడు. "మన లైసెన్సు ఆడ నడుస్తదా బిడ్డా?" అని ఆ తల్లి అడిగితే "ఇంటర్నేషనల్ లైసెన్సు తీసుకుంటే ప్రపంచమంత నడుస్తది" అని జవాబు వస్తుంది. ఊరు మారినా ఈ మాటలు మారవు. నష్టమంతా ఈ జవాబుతోనే మొదలవుతున్నది.

ఇంటర్నేషనల్ లైసెన్సు అని జనం పిలిచేది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం రవాణా శాఖ దీన్ని ఇస్తుంది. పాస్‌పోర్టు, చెల్లుబాటులో ఉన్న ఇక్కడి లైసెన్సు చూపి కేంద్ర నిబంధనల్లో ఉన్న వెయ్యి రూపాయల ఫీజు కడితే ఇస్తారు. దాని ఆయుష్షు ఒక్క సంవత్సరం. అది చుట్టపు చూపుగా వెళ్లేవారికి, విహారానికి వెళ్లేవారికి ఉద్దేశించిన కాగితం. పని మీద వెళ్లి అక్కడ నివాసపు కార్డు తీసుకున్నవాడు ఆ దేశపు లైసెన్సు పొందవలసిందే. దుబాయి మొదలైన ఎమిరేట్లలో నివాస వీసా పడిన తరువాత ఈ పర్మిటు చూపితే పోలీసులు దాన్ని లైసెన్సుగా లెక్కించరు. పర్మిటు ఉన్నది కదా అని స్టీరింగు పట్టినవాడు వారి దృష్టిలో లైసెన్సు లేకుండా నడిపినవాడే.

సౌదీలో కొంత వెసులుబాటు ఉంది. డ్రైవరు వృత్తి మీద కొత్తగా దిగినవారు తమ దేశపు లైసెన్సును అధీకృత సంస్థ చేత అరబ్బీలోకి అనువదింపజేసుకుని, మొదటి మూడు నెలలు దానితో నడపవచ్చు. ఈ మూడు నెలల్లో అక్కడి ట్రాఫిక్ శాఖ, అంటే గల్ఫ్ వాళ్ల నోట మురూర్, ఇచ్చే లైసెన్సు తెచ్చుకోవాలి. వైద్య పరీక్ష, కంటి పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష అన్నీ ఉంటాయి. మూడు నెలలు ఎప్పుడు గడిచాయో కఫీలు గుర్తు పెట్టుకోడు. అతనికి కావలసింది పొద్దున పిల్లలను బడికి దింపడం, సాయంత్రం బజారుకు తీసుకుపోవడం. తారీఖు లెక్క డ్రైవరే చూసుకోవాలి.

వీసాలో రాసిన పని ఏమిటి?

లైసెన్సు కంటె ముందు చూడవలసిన సంగతి మరొకటి ఉంది. అది ఇఖామాలో రాసిన వృత్తి. సౌదీలో ఇంటి డ్రైవరు వీసాను సాయిఖ్ ఖాస్ అంటారు. ఆ మాట ఇఖామాలో ఉన్నవాడు తన కఫీలు కారు నడపడానికి అర్హుడు. కాని ఏజెంట్లు డ్రైవరు పని అని చెప్పి చేతిలో పెట్టే వీసా ఎన్నోసార్లు కూలీ వీసానో, తోటమాలి వీసానో, గొర్రెలు కాచే వీసానో అవుతున్నది. "పేరుదేముంది, పని డ్రైవరుదే" అని సర్దిచెబుతారు. పేరులోనే అంతా ఉంది. ఇఖామాలో రాసిన వృత్తి గాక వేరే పని చేయడం అక్కడ నిబంధనల ఉల్లంఘన. కఫీలును విడిచి వేరేవాడి దగ్గర నడపడం అంతకంటె పెద్ద నేరం. దానికి జరిమానాతోపాటు దేశం నుంచి పంపించివేయడం కూడా ఉంది.

ఇది చదివినవారు "మా బావమరిది అట్లనే పదేండ్లు నడిపిండు, ఏం గాలె" అనవచ్చు. నిజమే, ఏమీ కానంతవరకు ఏమీ కాదు. తనిఖీలో ఆపినా బతిమాలుకుంటే వదిలే పోలీసు దొరకవచ్చు. కాని రోడ్డు మీద ఒక మనిషి పడిపోయిన రోజున బతిమాలుకోవడానికి ఎవరూ ఉండరు. ఆ రోజు కాగితమే మాట్లాడుతుంది.

ఆ లెక్క ఊళ్లో ప్రతి ఇంటికీ తెలియాలి. సౌదీలో ప్రమాదవశాత్తు మరణానికి దియా, అంటే మృతుని వారసులకు చెల్లించే నష్టపరిహారం, 2011 నుంచి 3 లక్షల రియాళ్లు. రియాలు విలువ ఇరవై రూపాయలకు పైమాటే కనుక అది 60 లక్షల రూపాయలు దాటుతుంది. ప్రమాదంలో ఎవరి తప్పు ఎంత అన్నది నూటికి ఇంత పాలు అని తేలుస్తారు. డ్రైవరు తప్పు 25 పాళ్లా, 50 పాళ్లా, 75 పాళ్లా, నూరు పాళ్లా అన్నదాన్ని బట్టి భారం మారుతుంది. ఎమిరేట్లలోనూ దియా ఉంది. అది 2 లక్షల దిర్హాములు.

అయితే ఇంత సొమ్ము డ్రైవరు కట్టాలా? కారు కాగితాలు, డ్రైవరు కాగితాలు సవ్యంగా ఉంటే కట్టనక్కరలేదు. ప్రతి కారుకూ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. ఆ కంపెనీయే చెల్లిస్తుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. సౌదీలోని నిర్బంధ ఇన్సూరెన్సు పాలసీ షరతుల ప్రకారం, కారు నడిపినవాడికి తగిన లైసెన్సు లేకపోయినా, ఎర్రదీపం దాటి పోయినా, ఎదురు దిశలో నడిపినా, మత్తులో ఉన్నా, కంపెనీ బాధితులకు సొమ్ము ఇచ్చి, ఆ తరువాత దాన్ని కారు యజమాని నుంచో డ్రైవరు నుంచో తిరిగి రాబట్టుకోవచ్చు. ఇన్సూరెన్సు ఉన్నది గదా అని ధీమాగా ఉన్నవాడు లైసెన్సు లేని ఒక్క కారణంతో అప్పులపాలవుతాడు. కఫీలు తన దేశంలో, తన భాషలో, తనవాళ్ల మధ్య ఉంటాడు. ఇఖామా కార్డు తప్ప మరో ఆధారం లేనివాడు డ్రైవరు. ప్రాణం పోయిన ప్రమాదంలో విషయం తేలేదాకా డ్రైవరును నిర్బంధంలో ఉంచడం మామూలే. ఇక్కడ ఇంటివారు ఎకరం అమ్మినా, పుస్తెలు అమ్మినా ఆ లెక్కకు అందదు. బయలుదేరేటప్పుడు కట్టించే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఇందుకు పనికిరాదు. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రూపాయల దాకా వర్తించే ఆ బీమా, వెళ్లినవాడు ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వికలాంగుడైనా ఉపయోగపడుతుంది. అతని కారు కింద పడి పోయినవాడి దియా అందులో రాదు. ఆ బీమా తప్పక చేయించుకోవలసిందే, దాన్ని మించి ఆశించరాదు.

ఇస్తిమారా ఎవరు చూడాలి?

కారు రిజిస్ట్రేషను కార్డును సౌదీలో ఇస్తిమారా అంటారు. ఎమిరేట్లలో ముల్కియా, కువైట్‌లో దఫ్తర్ అని వాడుక. ఇక్కడ ఆర్‌సీ బుక్కు ఎంతో అక్కడ అది అంత. తేడా ఏమిటంటే ఇక్కడ సొంత కారుకు ఒకసారి రిజిస్ట్రేషను చేయిస్తే 15 ఏళ్లు మరచిపోవచ్చు. అక్కడ అట్లా కాదు. సౌదీలో ఇస్తిమారా మూడేళ్లకొకసారి కొత్తది చేయాలి. కొత్త కారుకు మొదటి మూడేళ్లు గడిచాక ఏటా ఫహస్ అనే సాంకేతిక తనిఖీ చేయించాలి. బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ అన్నీ యంత్రాల మీద చూస్తారు. ఇన్సూరెన్సు లేనిదే, తనిఖీ పాసు కానిదే, పాత జరిమానాలు కట్టనిదే రిజిస్ట్రేషను కొత్తది కాదు. దుబాయిలో ముల్కియా ఏటేటా తిరగరాయించాలి.

ఇవన్నీ కారు యజమాని బాధ్యతలు. నడిరోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు మాత్రం యజమాని కారులో ఉండడు. టైరు అరిగి ఉన్నా, ఫహస్ గడువు దాటినా, ఇన్సూరెన్సు చెల్లకపోయినా ఎదురుగా ఉన్నవాడు డ్రైవరే. కఫీలు ఇంట్లో నాలుగైదు కార్లు ఉంటే వాటిలో మూలపడిన పాత కారు చివరికి డ్రైవరు చేతికి వస్తుంది. కూరగాయలకు, గ్యాసు సిలిండరుకు అదే. దాని కాగితాలు ఎవరూ పట్టించుకోరు.

పనిలో చేరిన మొదటి రోజునే ఇస్తిమారా, ఇన్సూరెన్సు, ఫహస్ మూడింటి తారీఖులు చూసి ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవడం డ్రైవరుకు క్షేమం. అడిగితే కఫీలు కోపగిస్తాడేమోనని భయం ఉంటుంది. మర్యాదగా అడిగితే కోపగించేవారు తక్కువ. కోపగించి చూపనివాడి దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో మొదటి రోజే తెలిసిపోతుంది, అదీ ఒక మేలే.

అన్నిటికంటె తెలియకుండా దెబ్బ తీసేది కెమెరా జరిమానాలు. సౌదీలో సాహెర్ పేరుతో 2010లో కెమెరాలు వచ్చాయి. ఎర్రదీపం దాటితే 3 వేల నుంచి 6 వేల రియాళ్లు. ఫోను చేతబట్టి నడిపితే 500 నుంచి 900. బెల్టు పెట్టుకోకపోతే 150 నుంచి 300. ఎర్రదీపానికి పడే కనీస జరిమానా చాలు, రెండు మూడు నెలల జీతం ఊడ్చుకుపోవడానికి. ఈ జరిమానా ఎవరి పేర పడుతుంది? యజమాని అబ్షిర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో డ్రైవరును ఆ కారు వాస్తవ వినియోగదారుగా నమోదు చేస్తే జరిమానాలు డ్రైవరు ఇఖామా నంబరు మీదకు వస్తాయి. ఇది న్యాయమే, నడిపినవాడే కట్టాలి. కాని రాత్రి పది దాటాక కఫీలు కొడుకు అదే కారు తీసుకుని ఎడారి రోడ్డు మీద దౌడు తీస్తే? ఆ జరిమానా కూడా డ్రైవరు నంబరు మీదే వచ్చి కూర్చుంటుంది. పని మానేసి వేరే కఫీలు దగ్గరకు మారిన తరువాత పాత కారు మీద నమోదు తీసివేయించకపోతే ఆ బాధ వెంట వస్తూనే ఉంటుంది.

జరిమానా పడిన సంగతి చాలామందికి సెలవుకు ఇంటికి బయలుదేరేటప్పుడు గాని తెలియదు. జరిమానాలు కట్టనిదే వెళ్లి వచ్చే వీసా ఇవ్వరు. చెల్లెలి పెండ్లికి టికెట్టు కొనుక్కున్నవాడు ఆ రోజు అప్పు కోసం తోటివారి గదుల చుట్టూ తిరగవలసి వస్తుంది. ఇఖామా నంబరుతో ఎవరి జరిమానాలు వారు అబ్షిర్‌లో చూసుకోవచ్చు. తప్పుగా పడిందనుకుంటే 30 రోజుల లోపల అభ్యంతరం తెలుపవచ్చు. నెలకోసారి చూసుకునే అలవాటు ఉంటే గడువు దాటదు. ఇంటికి వీడియో కాలు చేయడం తెలిసినవాడికి ఇది కష్టమైన పని కాదు.

2018 జూన్ 24 నుంచి సౌదీలో ఆడవారికి కారు నడిపే అనుమతి వచ్చినప్పుడు ఇక ఇంటి డ్రైవర్ల పని ముగిసిందని గల్ఫ్ పల్లెల్లో దిగులుపడ్డారు. కొన్ని ఇళ్లలో అవసరం తగ్గి ఉండవచ్చు గాని వీసాలు ఆగలేదు. ఇంటి డ్రైవర్లకు అక్కడి సాధారణ కార్మిక చట్టం వర్తించదు, ఇంటి పనివారి నిబంధనలే వర్తిస్తాయి. ఆ ఒప్పందాలు ముసానెద్ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదవుతాయి. డ్రైవరు వీసా అని చెప్పిన ఏజెంటును ముసానెద్ ఒప్పందం చూపమని అడిగితే సగం బండారం అక్కడే బయటపడుతుంది.

కువైట్‌లో, దుబాయిలో

కువైట్‌కు కడప, అన్నమయ్య జిల్లాలవారు, గోదావరి జిల్లాలవారు ఎక్కువగా వెళతారు, ఇక్కడివారూ ఉన్నారు. అక్కడ ఇంటి పనివారి వీసా 20వ నంబరు, కంపెనీలది 18వ నంబరు అని అందరికీ నోటిమాట. అక్కడ విదేశీయుని లైసెన్సు అతని ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఇంటి డ్రైవరుగా లైసెన్సు తీసుకున్నవాడు వేరే వృత్తికి మారితే ఆ లైసెన్సు చేతిలో ఉన్నా చెల్లకపోవచ్చు. లైసెన్సు లేకుండా దొరికిన విదేశీయులను 2013లో పెద్ద సంఖ్యలో వెనక్కు పంపించారు. 2025 ఏప్రిల్ 22 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం అమలులోకి వచ్చి జరిమానాలు అనేక రెట్లు పెరిగాయి. ఫోను చేతబట్టి నడిపితే వెనుక 5 దినార్లు ఉండేది, 75 అయింది. ఎర్రదీపానికి 150 దినార్లు. దినారు 250 రూపాయలకు పైమాట కనుక ఒక్క ఫోను కాలు ఖరీదు పద్దెనిమిది వేల పైచిలుకు.

దుబాయిలో లైసెన్సు సంపాదించడం మరీ కష్టమని వెళ్లివచ్చినవారంతా ఒకే గొంతుతో చెబుతారు. థియరీ, పార్కింగు, రోడ్డు పరీక్ష అన్నీ గట్టివి. ఒకటికి రెండుసార్లు ఫెయిలైతే మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజులు. ఇక్కడి లైసెన్సు ఉన్నవారు క్లాసులు లేకుండా ఒక్కసారి నేరుగా పరీక్షకు కూర్చునే అవకాశం 2023లో వచ్చింది. దాన్ని కూడా చేయి తిరిగినవారే ఉపయోగించుకోగలిగారు. లైసెన్సు వచ్చాక నల్ల పాయింట్ల లెక్క ఉంటుంది; 24 చేరితే లైసెన్సు తీసివేసుకుంటారు. కొందరు విజిట్ వీసా మీద దిగి, ఇక్కడ తీసుకున్న పర్మిటు చూపి అద్దె కార్లు, సరకుల బళ్లు నడుపుతున్నారు. విజిట్ వీసా మీద పని చేయడమే నేరం. కాబట్టి వారిది ఒకటి కాదు, రెండు తప్పులు.

నాలుగు డబ్బులు వెనకేసినవారు అక్కడ సొంత కారు కొనుక్కోవాలనుకోవడం సహజం. నివాసపు కార్డు ఉన్న విదేశీయుడు తన పేర కారు రిజిస్టరు చేయించుకోవచ్చు. సౌదీలో ఒక విదేశీయుని పేర రెండు సొంత కార్లకు మించరాదు. ఇబ్బంది కొన్నప్పుడు కాదు, వచ్చేటప్పుడు. తొందరలో స్నేహితునికి నోటిమాటగా కారు ఇచ్చి విమానం ఎక్కితే, రిజిస్ట్రేషను మారనంతకాలం దాని జరిమానాలన్నీ పాత పేరు మీదే. తిరిగి వీసాకు పెట్టినప్పుడు ఆ పాత బాకీ బయటికి వస్తుంది. పదిమంది గదిలో కలిసి కొని ఒకరి పేర పెట్టే కార్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎవరు నడిపినా పేరున్నవాడే దొరుకుతాడు.

ఇక్కడ చేయవలసిన పని

తప్పంతా గల్ఫ్‌దని చేతులు దులుపుకోవడానికి వీలులేదు. మొదటి లోపం ఇక్కడే ఉంది. హెచ్ ట్రాక్ మీద ఒకసారి వెనక్కూ ముందుకూ నడిపి, బ్రోకరు చేత ఫారాలు నింపించుకుని తెచ్చుకున్న లైసెన్సు బలంతో, స్టీరింగు ఎడమ పక్కన ఉండి రోడ్డుకు కుడివైపున నడిచే దేశంలో, ఆరు వరుసల రోడ్డు మీద, గంటకు నూట ఇరవై వేగంతో కారు నడపమంటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. చౌరస్తాలో గుండ్రంగా తిరిగే దారి వస్తే ముందు ఎవరికి దారి ఇవ్వాలో ఇక్కడ ఎవరూ నేర్పరు. అక్కడ లోపల తిరుగుతున్న బండికే హక్కు. ఎడమవైపు చూడాలి. ఇక్కడి అలవాటు కుడివైపు చూడమంటుంది. ఈ ఒక్క అలవాటు మార్చుకోవడానికే వారాలు పడుతుంది.

విదేశాంగ శాఖ తరఫున హైదరాబాదులో వెళ్లేవారికి ముందస్తు అవగాహన శిక్షణ ఇస్తున్నారు. మంచి పని. కాని ఒక్క రోజు తరగతిలో జీతం, పాస్‌పోర్టు, రాయబార కార్యాలయం, ఆరోగ్యం అన్నీ చెప్పిన తరువాత డ్రైవరుకు వేరుగా చెప్పడానికి ఎంత సమయం మిగులుతుంది? ఇంటర్నేషనల్ పర్మిటు కోసం వచ్చే ప్రతివాడూ జిల్లా రవాణా కార్యాలయం గడప తొక్కుతాడు. అక్కడే ఒక పూట కూర్చోబెట్టి, ఈ కాగితం దేనికి పనికివస్తుంది, దేనికి పనికిరాదు అని తెలుగులో చెప్పి ఒక కరపత్రం చేతిలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ డ్రైవర్లను పంపేటప్పుడు ఎడమ స్టీరింగు బండి మీద అభ్యాసం చేయించాలి. వెళ్లివచ్చిన సీనియర్ డ్రైవర్లు ప్రతి మండలంలో ఉన్నారు. వారికి గౌరవ వేతనం ఇచ్చి చెప్పించుకుంటే పుస్తకాలకంటె మేలు.

ఏజెంట్ల విషయంలో చట్టం ఎప్పటినుంచో ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. అతను తీసుకోదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ. పదో తరగతి పాసు కానివారికి గల్ఫ్ దేశాలకు వెళ్లడానికి అనుమతి తప్పనిసరి, అది ఇ-మైగ్రేట్ ద్వారా నమోదవుతుంది. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లలో ఈ లైసెన్సు ఉన్నవారు ఎందరో అందరికీ తెలిసిందే. లక్షలు పుచ్చుకుని, డ్రైవరు అని చెప్పి కూలీ వీసా చేతిలో పెట్టినవాడి మీద ఠాణాలో ఫిర్యాదు చేయడానికి బాధితులు వెనుకాడుతున్నారు. కారణం అతను తరచుగా చుట్టమో, కులపువాడో, పక్క ఇంటివాడో కావడమే. పంచాయతీ పెద్దలు ఇందులో రాజీలు కుదర్చడం మానితే మంచిది. డబ్బు సగం తిరిగి వస్తుందేమో గాని, అదే ఏజెంటు అదే నెలలో పక్క ఊరి కుర్రవాడిని అదే వీసా మీద విమానం ఎక్కిస్తున్నాడు.

ఒప్పందంలో మూడు సంగతులు రాతపూర్వకంగా ఉండాలని వెళ్లేవారు పట్టుబట్టాలి. వృత్తి డ్రైవరు అని ఉండాలి. అక్కడి లైసెన్సు ఖర్చు ఎవరిదో ఉండాలి. డ్రైవరు తప్పు లేని జరిమానాలు, అంటే కారు కాగితాల గడువు దాటినందుకు పడేవి, యజమానే భరిస్తాడని ఉండాలి. ఇంత అడిగితే వీసా వేరేవాడికి పోతుందని ఏజెంటు బెదిరిస్తాడు. పోనివ్వండి అనగల ధైర్యం అప్పు చేసి పాస్‌పోర్టు ఇచ్చిన ఇంటికి ఉండదు, ఆ సంగతి ఏజెంటుకూ తెలుసు. అందుకే ఈ షరతులు వెళ్లేవాడు అడిగి సాధించుకునేవిగా గాక, అనుమతి ఇచ్చే అధికారులే చూసి ముద్ర వేసేవిగా ఉండాలి. డ్రైవరు పేర వచ్చిన ప్రతి ఒప్పందంలో ఈ మూడూ ఉన్నాయో లేదో చూడడానికి అధికారికి ఐదు నిమిషాలు చాలు.

సెలవుకు వచ్చినవారికి కూడా ఒక మాట. సౌదీ లైసెన్సు జేబులో ఉన్నది కదా అని తమ్ముడి కారు తీసుకుని వేములవాడకో, కొండగట్టుకో బయలుదేరుతున్నారు. ఇక్కడ నడపడానికి ఇక్కడి లైసెన్సే కావాలి. అక్కడ ఉండగా దాని గడువు తీరిపోయి ఉంటే 2019 సవరణ ప్రకారం గడువు తీరిన ఏడాది లోపల రెన్యువలు చేయించుకోవచ్చు, గడువుకు ఏడాది ముందు కూడా చేయించుకోవచ్చు. ఆ ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు వెళ్లవలసిందే. సెలవుకు వచ్చిన రెండు నెలల్లో మొదటి వారంలోనే ఈ పని ముగించుకుంటే, ఇక్కడి లైసెన్సు చూపి అక్కడ కొత్త పని వెతుక్కునేటప్పుడూ అక్కరకు వస్తుంది.